ఎస్తేరు ఎత్తు నుంచి బళ్లారి

బళ్లారి వెళ్తున్నానని చెబితే మా తెనాలిలో ప్రతి ఒక్కరూ ఎండ గురించే భయపెట్టారు. నేను వెళ్లింది వానలు తగ్గి కోతలు మొదలైన రోజుల్లో. ఎండ ఉంది, నిజమే. కానీ గొడుగు తీసే తీరిక నాకు దొరకలేదు. అక్కడున్నన్నాళ్లూ ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తినడానికి ఏదో ఒకటి.

నా ఉద్యోగం ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం. ఈ పనిలో మొదట నేర్పేదేమిటంటే, ఏ ఎముకనూ ఒక్క వైపు నుంచి తీసి వదిలేయకూడదు. ఎదురుగా తీస్తే నిక్షేపంగా కనబడిన చెయ్యి, పక్కకు తిప్పి తీస్తే విరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి జనాన్ని ఇటు తిప్పి అటు తిప్పి తీశాక ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోలేదు. వీధినీ, వంటింటినీ, ఆరేసిన బట్టల్నీ ఫోన్లో తీయడం మొదలుపెట్టాను. నాలాంటి వాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంటే చేరాను. ఎస్తేరు అక్కడే పరిచయం.

ఆమె ఫోటో వస్తే పేరు చూడకుండానే చెప్పేయవచ్చు. టీ గ్లాసు తీస్తే పక్కనుంచి తీసేది, వెనక వెలుగుకి లోపలి టీ ఎర్రగా మండుతూ ఉండేది. బస్సు తీస్తే సగం బొమ్మ చక్రమే. మనుషుల్ని తీస్తే గడ్డం కింద పుట్టుమచ్చ, ముక్కుపుడక అడుగు భాగం, మోచేతి మడత. రోజూ ఇలా గొంతుక్కూర్చుని తీస్తోందంటే ఈమె మోకాళ్లు ఎంత గట్టివో అనుకునేదాన్ని. ఒకరోజు వాయిస్ మెసేజ్ పెట్టింది: "అక్కా, మా చర్చిలో కోతపండగ ఉండాది. గ్రూప్ ఫోటో ఈసారి నేనే తీయల్ల అనుకుంటాండా. నువ్వు వస్తే ధైర్యంగా ఉంటాది. రా అక్కా."

సెలవు పెట్టి రైలెక్కాను.

కంటోన్మెంట్

బళ్లారి స్టేషన్లో దిగి జనం తలల మీదుగా వెతుకుతున్నాను. ఆమె ముఖం సరిగ్గా తెలియదు, తన ఫోటో ఎప్పుడూ పెట్టలేదు. ఎవరో నా కొంగు పట్టి లాగారు.

"అక్కా, ఈడ ఈడ. కింద సూడు."

నా నడుముకు జానెడు పైదాకా వచ్చే నలభై ఏళ్ల మనిషి నవ్వుతూ నిలబడి ఉంది. చక్కగా గంజి పెట్టిన కాటన్ చుడీదార్, భుజానికి ఆఫీసు బ్యాగు. నేను వంగి పలకరించాలో, నిలబడే పలకరించాలో తేల్చుకోలేక సగం వంగాను. ఆమెకు ఇది అలవాటే కాబోలు, నా చేతిలో సంచీ తీసుకుంటూ అంది: "నువ్వు అడగలే, నేను చెప్పలే. నీ ఎత్తెంతో నువ్వు నాకు చెప్పినావా?"

ఇద్దరం నవ్వేశాం. ఆ నవ్వుతోనే మా స్నేహం గ్రూపులో నుంచి బయటికి వచ్చింది.

ఎస్తేరు ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ పని చేస్తుంది. ఆటోలో కూర్చోగానే ఆఫీసు కబుర్లు మొదలుపెట్టింది. "కౌంటర్ అవతల నిలబడి 'యారూ ఇల్వా, ఎవురూ లేరా' అని అరుస్తారక్కా. నేను ఈడే ఉండా, ఏంది చెప్పండప్పా అంటే, కౌంటరే మాట్లాడతాండాదని బెదిరిపోతారు."

ఆమె ఉండేది అన్నయ్య శామ్యూల్ ఇంట్లో. ముత్తాతల కాలంలో మిషన్ చర్చిలో చేరిన తెలుగు కుటుంబం వీళ్లది. కంటోన్మెంటులో పాత ఇళ్లు, ఎత్తైన కిటికీలు, వాకిట్లో వేపచెట్ల నీడ. శామ్యూల్ స్కూల్లో డ్రిల్ మాస్టారు. గుమ్మం దగ్గర తల వంచి లోపలికి రావాల్సినంత పొడగరి. అన్నా చెల్లెలూ పక్కపక్కన నిలబడితే ఎవరైనా రెండోసారి చూస్తారు. వాళ్లు మాత్రం పట్టించుకోరు. ఆయన భార్య కరుణ మొదటి మాటగా "ఊట మాడి ఆమేలే మాటలు" అని కన్నడంలో ఆజ్ఞాపించి, ముందు తిండి, తరవాతే కబుర్లని మళ్లీ తెలుగులో నాకు విడమరిచి చెప్పింది.

పెట్టింది వగ్గరాణి, పక్కన మిరపకాయ బజ్జీ. మావైపు మరమరాలంటే సాయంత్రం పూట పిడతకింద పప్పులో కలిపి పొట్లం కట్టిచ్చేవి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో తడిపి, చేత్తో నీళ్లు పిండేసి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లి పొద్దున్నే టిఫినుగా తింటారు. బజ్జీ కారం మా గుంటూరు కారం ముందు ఏపాటిదిలే అని ధీమాగా కొరికాను. కరుణ చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.

సాయంత్రం ఎస్తేరు చర్చికి తీసుకెళ్లింది. దొరల నాటి రాతి గోడలు, లోపల చల్లగా ఉంది. వసారా గోడ పొడుగునా కోతపండగ గ్రూప్ ఫోటోలు వరసగా వేలాడుతున్నాయి. అన్నీ పై బాల్కనీ నుంచి తీసినవే. ముందు నేల మీద సండే స్కూలు పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు, ఆ వెనక నిలబడ్డవాళ్లు.

"నన్ను కనుక్కో సూద్దాం" అంది.

మొదటి ఫోటోలో పదేళ్ల పిల్ల, పిల్లల వరసలో. తరవాతి ఫోటోల్లోనూ అక్కడే. ఆమెతో పాటు కూర్చున్న పిల్లలు ఏటికేడు వెనక వరసలకు జరిగారు. చీరలు కట్టారు, పక్కన భర్తలు వచ్చారు, చంకల్లో బిడ్డలు వచ్చారు. ఎస్తేరు మాత్రం ప్రతి ఫోటోలోనూ నేల మీదే, కొత్త కొత్త పిల్లల మధ్య. నిరుటి ఫోటోలో ఆమె జుట్టులో నెరిసిన పాయ ఉంది. ఆమెకు అటు పక్కా, ఇటు పక్కా పాలపళ్లు ఊడిన పిల్లలు.

"వెనక నిలబడితే కనపడను. ముందు కూసుంటే ఇట్ల. రెండిట్లో ఏదో ఒకటి తీసుకో అంటారు" అంది ఎస్తేరు. ఆమె గొంతులో ఏడుపేమీ లేదు. విసుగుంది. "అందుకే ఈసారి నేను తీస్తానని కమిటీని అడిగినా. స్టూడియో ఆయన వస్తాండాడమ్మా, నీకెందుకు శ్రమ అన్నారు. మా అన్నకీ ఇష్టం లేదు."

సంగనకల్లు

మర్నాడు సంగనకల్లు కొండకు వెళ్లాం. వేల ఏళ్ల కిందటి మనుషులు ఇక్కడ కాపురాలు చేశారు. రాతి గొడ్డళ్లు నూరిన గుంటలు బండల మీద నునుపుగా, అరచెయ్యి పట్టేటంత లోతుగా ఉన్నాయి. చిన్న గులకరాయితో మెల్లగా తడితే గంటలా మోగే బండ ఒకటి ఎస్తేరు చూపించింది. మరోచోట ఎద్దుల బొమ్మలున్నాయంది. ఎంత చూసినా నాకు నల్లరాయే కనబడింది.

"కూసో అక్కా. ఎండ ఆ పక్కనుంచి వస్తాంది కదా, దానికి అడ్డంగా సూడు."

ఆమె పక్కన చతికిలబడ్డాను. ఏటవాలు ఎండకి గీతల అంచుల్లో సన్నటి నీడ పడింది. ముందు కొమ్ములు, తరవాత మూపురం, తరవాత ఎద్దు మొత్తం లేచి వచ్చింది. నేను లేచి నిలబడితే మాయమైంది. చిన్నపిల్లలా కూర్చుంటూ లేస్తూ నాలుగైదుసార్లు చూశాను. ఆసుపత్రిలో నేను చేసే పనిని ఆ రాయి నా చేత చేయించింది.

కిందికి దిగితే కొండ పక్క చేలో ఆడవాళ్లు శెనక్కాయ పీకుతున్నారు. తెలుగువాళ్లే, తరాలుగా ఇక్కడే ఉంటున్నవాళ్లు. అడిగి ఫోటోలు తీసుకున్నాం. నా ఫోన్లో వంగిన వీపులు, తలగుడ్డలు పడ్డాయి. ఎస్తేరు చాళ్ల మధ్య నడుచుకుంటూ వెళ్లి తీసింది. ఆమె ఫోన్లో ముఖాలున్నాయి. పళ్ల మధ్య కొంగు బిగించిన ముఖం, పాట పాడుతున్న ముఖం, ముక్కు చివర చెమట చుక్క.

చూపిస్తే అందరూ మూగారు. హనుమక్క అనే ఆవిడ తన ముఖం చూసుకుని "థూ, ఎట్లుండా సూడు" అని నవ్వింది. తరవాత కొంచెం ఆగి అంది: "ఈ రాళ్ల కోసరం శానామంది వస్తారమ్మా బొమ్మలు తీసేకి. మేము వంగినప్పుడే మమ్మల్ని తీస్తారు. నన్ను నిలబెట్టి ఒకటి తీయండి."

బిందెలో నీళ్లతో ముఖం కడుక్కుంది. కొంగు సరిచేసుకుని, కొండ వెనక వచ్చేట్టు నిలబడింది. ఎస్తేరు తన ఫోను నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వే తియ్యి. నేను తీస్తే ఆయమ్మ గడ్డం వస్తాది. కండ్లలోకి సూసే ఎత్తు నీది."

నేను ఫోనెత్తి, అలవాటు కొద్దీ "కదలకు, ఊపిరి బిగబట్టు" అన్నాను. హనుమక్క నిజంగానే బిగబట్టింది. నేను వెలుగు సరిచూసుకుంటూ ఆలస్యం చేశాను. ఆమె ముఖం ఎర్రబడుతోంది, కళ్లు పెద్దవవుతున్నాయి. "ఇడ్సమ్మా తల్లీ, సస్తాది!" అని పక్కావిడ అరిచాక గానీ నాకు తెలివి రాలేదు. అందరూ కడుపు పట్టుకుని నవ్వుతుంటే తీసిన రెండో ఫోటోనే బాగా వచ్చింది. హనుమక్క వాళ్ల కూతురి ఫోనుకి అక్కడికక్కడే పంపించాం. పచ్చి శెనక్కాయలు ఒడినిండా పోసి పంపారు. వద్దంటే వినలేదు.

తారానగర్

శనివారం శామ్యూల్ తన కారులో సండూరు వైపు తీసుకెళ్లాడు. బళ్లారి బండల మధ్య నుంచి వెళ్లిన నాకు ఆ పచ్చటి కొండలు వేరే రాష్ట్రంలా అనిపించాయి. దారంతా ఇనుపరాయి లారీలు. రోడ్డు పక్క చెట్లకు సగం ఆకులు పచ్చ, సగం ఇటుక రంగు. తారానగర్ దగ్గర జలాశయంలో నీళ్లు నిండుగా, కొండ నీడ వాటిలో తలకిందులుగా ఉంది. దారిలో హోటల్లో జొన్నరొట్టె, గురెళ్లనే నల్లటి గింజల పొడి, పెరుగు. రొట్టె తట్టే చప్పుడు మాత్రం నేను ఫోటో తీయలేకపోయాను.

ఎస్తేరు నీళ్ల అంచున ఫోటోలు తీస్తుంటే శామ్యూల్ నాతో నెమ్మదిగా అన్నాడు: "అక్కా, గ్రూప్ ఫోటో సంగతి మీరైనా ఎస్తేరుకి చెప్పండి. వద్దని."

"ఎందుకు శామ్యూలప్పా? తను బాగా తీస్తుంది కదా."

"బాగా తీస్తాదని నాకు తెలీదా? పోయినేడు మా స్కూల్ ఫంక్షన్లో కుర్చీ ఎక్కి ఫోటో తీస్తాంటే కుర్చీ జారింది. కింద పడింది. ఎవడో దాన్ని వీడియో తీసి, పాట పెట్టి, అందరికీ పంపినాడు. నా స్టూడెంట్సే నాకు తెచ్చి చూపించినారు, అది మా చెల్లెలని తెలీక." ఆయన కారు తాళాలు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "శానా దినాలు ఆఫీసుకి పోలేదక్కా తను. ఫోను ముట్టలేదు. మళ్లీ ఇప్పుడిప్పుడే నవ్వుతాండాది. రేపు చర్చిలో ఎవురైనా నవ్వితే?"

ఆయన భయం అబద్ధం కాదు. ఆమె కోరిక తప్పు కాదు.

ఇంతలో ఎస్తేరు పిలిచింది, కొండ నీడ భలేగా ఉంది రమ్మని. ఉత్సాహంగా ఒడ్డు దిగాను. కాలు జారి ఎర్రమట్టిలో వెల్లకిలా పడ్డాను. చీర, జడ, మోచేతులు అంతా ఇటుక రంగు. దెబ్బ తగల్లేదు గానీ లేవలేకపోయాను. ఎస్తేరు చేతిలో ఫోను నా వైపే ఉంది. ఆమె దాన్ని గభాలున బ్యాగులో పెట్టేసి, చెయ్యి అందించింది.

"తియ్యవే, ఇంత మంచి ఫోటో మళ్లీ దొరకదు" అన్నాను.

"నిజంగానా అక్కా?"

"నిజంగానే."

అప్పుడు తీసింది. తీసి ముందు నాకే చూపించింది. "ఉంచనా, తీసేయనా? నువ్వు చెప్పు."

నేను నవ్వాను, ఉంచమన్నాను. శామ్యూల్ ఒడ్డు మీద నిలబడి చెల్లెల్నే చూస్తున్నాడు. తిరుగు దారిలో ఆయన గ్రూప్ ఫోటో మాట మళ్లీ ఎత్తలేదు. చీర మాత్రం మూడు ఉతుకులకీ ఆ ఇటుక రంగు వదల్లేదు.

కోతపండగ

ఆదివారం చర్చి ఆవరణ సంతలా ఉంది. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్లు, కరివేపాకు మోపులు, ఇంట్లో చేసిన కజ్జికాయలు. ఎవరి పంటలో, పనిలో తొలి భాగం వాళ్లు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. మా ఊరి చర్చిలోనూ కోతపండగ వేలం చూశాను గానీ, ఇక్కడ పాట తెలుగులో మొదలై, కన్నడంలో పెరిగి, హిందీలో ఖరారవుతుంది. శామ్యూల్ పోటీ పడి ఒక కోడిపుంజును పాడుకున్నాడు. కరుణ తల పట్టుకుంది.

తరవాత గ్రూప్ ఫోటో. స్టూడియో ఆయన పై బాల్కనీలో కెమెరా బిగించి, కిందికి చూస్తూ వరసలు సర్దుతున్నాడు. "అమ్మా, నువ్వు ముందుకి రా. పిల్లోళ్ల దగ్గర కూసో జల్దీ."

ఎస్తేరు కదలలేదు. జనంలో నుంచి బయటికి నడిచి, వేపచెట్టు కింద నిలబడింది.

"నేను అందులో ఉండను" అంది.

గుసగుసలు మొదలయ్యాయి. పాస్టరుగారు దగ్గరికొచ్చి "ఏమైందమ్మా ఎస్తేరూ?" అని అడిగారు.

"ఏం కాలేదయ్యగారూ. ఆయన తీసుకోనీ. అదైనాక ఒక్కటి నేను తీస్తా. అంతే నేను అడగేది."

స్టూడియో ఫోటో అయిపోయింది. జనం భోజనాల వైపు కదలబోయారు. కమిటీ పెద్దాయన ఒకరు "నీకు నిచ్చెన కావల్ల కదమ్మా, పడితే కష్టం" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. కానీ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎస్తేరు ముఖం తెల్లబోయింది. ఫోను పట్టుకున్న చెయ్యి కిందికి దిగిపోయింది. ఏదో ఒకటి మాట్లాడదామని నేను నోరు తెరిచాను.

అప్పుడు శామ్యూల్ వచ్చాడు. చంకలో కోడిపుంజు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, కరుణ ఆ ఉదయమే ఇస్త్రీ చేసింది. జనం మధ్యలోకి నడిచి, ఆ ఆరడుగుల మనిషి మట్టి నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాడు.

"నిచ్చెన ఎందుకప్పా? మనమే కూసుందాం" అన్నాడు డ్రిల్ మాస్టారు గొంతుతో. "రాండి అందరూ. మా ఎస్తేరు ఫోటో తీస్తాది."

కరుణ వెళ్లి పక్కన కూర్చుంది. పాస్టరుగారు అంగీ ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. చాపలు వచ్చాయి. కూర్చోలేని ముసలివాళ్లకు వెనక బల్లలు వేశారు. పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. కిసుక్కుమన్న కుర్రకారు కూడా చివర్లో చోటు చూసుకున్నారు. స్టూడియో ఆయన బాల్కనీ దిగి వచ్చి, బెరుకుగా ఓ మూల కూర్చుని చొక్కా సర్దుకున్నాడు.

ఎస్తేరు వాళ్ల మధ్యకు నడిచింది. తొందరపడలేదు. ఒక్కొక్కరి భుజం తాకి "స్వల్ప ఇటు జరగండి", "నీ ముందు పాపని ఆ మోకాలి మీదికి మార్చుకో" అంటూ, ప్రతి ముఖానికీ దారి దొరికేదాకా సర్దింది. ఎప్పుడూ తల వంచి ఆమెతో మాట్లాడేవాళ్లంతా ఇప్పుడు తల కాస్త ఎత్తి వింటున్నారు. శామ్యూల్ దగ్గరికి రాగానే ఠక్కున ఆగిపోయింది.

"వదినా! మా అన్నకి బట్టతల వచ్చేసిండాది!"

"నీకు తెలీదా? ఎప్పటి మాటో అది!" అంది కరుణ.

"నాకెట్ల తెలుస్తాది? ఇంట్లో కుర్చీ దిగడు కదా. ఇన్నేండ్లకి ఈరోజు సూస్తాండా!"

శామ్యూల్ కంగారుగా నడినెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చంకలో పుంజు జారి రెక్కలు కొట్టుకుంటూ పాస్టరుగారి ఒళ్లో పడింది. ఆవరణంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ఎస్తేరు వెనక్కి నడుస్తూనే ఫోనెత్తి తీసేసింది. ఆ ఫోటో నా దగ్గర ఉంది. పిల్లలూ పెద్దలూ ఒక్క ఎత్తులో, ఒక్క నవ్వులో ఉన్నారు. ఏ ముఖమూ ఇంకో ముఖానికి అడ్డం లేదు.

"ఇంక నువ్వు రా లోపలికి. అక్క తీస్తాది" అని శామ్యూల్ పిలిచాడు.

ఆమె వెళ్లి అన్న పక్కన నిలబడింది. నేను నేల మీద కూర్చుని, ఫోను ఇంకా కిందికి దించి తీశాను. ఎస్తేరు పరుగున వచ్చి నా భుజం మీదుగా చూసింది. కూర్చున్న జనమంతా ఆమె నడుము దగ్గర ఆగిపోయారు. ఆమె తల వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు.

"నీ ఫోను అబద్ధం చెప్తాండాదక్కా" అంది. "నేల మీంచి తీస్తే ఆ కోడిపుంజు గూడా ఎత్తుగానే పడతాది."

అంది గానీ, ఫోను నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసుకుంది. వెనక నుంచి శామ్యూల్ కేక వేశాడు.

"సూసింది సాలు, రామ్మా. నీకు చోటు పెట్టినా. అన్నం తిందాం."